తండ్రి తొడిగించిన జోళ్లు

ధ్యాన భాగములు: లూకా 15:11–24, అపొస్తలుల కార్యములు 9:43



క్రిస్మసు పండుగ దగ్గర పడినప్పుడు మన యిండ్ల గోడలకు సున్నము వేయుదుము, పిల్లలకు క్రొత్త బట్టలు కుట్టింతుము, పెట్టె అడుగున నున్న జోళ్లను పైకి తీయుదుము. ఏడాది పొడవున పొలములో వట్టి కాళ్లతో నడచినవారు సైతము ఆ దినమున జోళ్లు తొడిగికొని గుడికి వచ్చుటకు ఇష్టపడుదురు. గుమ్మము వెలుపల విడువవలసిన జోళ్లే అయినను వాటిని తుడిచి, మెరుగుపెట్టి మరి తెచ్చుదురు. ఇందులో తప్పేమియు లేదు. అయితే జోళ్లకు మెరుగుపెట్టుటలో మేము నేర్చుకొనిన పాఠమొకటి యున్నది. అది మాకు సిగ్గు కలిగించిన పాఠము. అయినను మీకు మేలగునని తలంచి దాచక చెప్పుచున్నాము.

మా నాయనగారు సువార్తికులుగా ఊరూరు నడచి తిరిగినవారు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత ఆయన వస్తువులలో మాకు మిగిలినవి ఒక బైబిలు, ఒక చేతికఱ్ఱ, ఒక జత గోధుమరంగు తోలు జోళ్లు. ఆ జోళ్లు చాలకాలము ట్రంకుపెట్టెలోనే పడియుండెను. ఒక శనివారము రాత్రి మేము వాటిని తీసి చూడగా, వానకాలపు చెమ్మకు తెల్లని బూజు పట్టి, ముడుతల యొద్ద ఎండి బిరుసెక్కి యుండెను. మరునాడు గుడిలో వాక్యము చదువు వంతు మాది. బజారునుండి తెచ్చిన క్రీము పాలిష్ బుడ్డి మూత తీసి, బూజు మీదను దుమ్ము మీదను వేలెడు మందమున పూసి, గుడ్డతో రుద్దితిమి. దీపపు వెలుతురున అవి అద్దమువలె మెరిసెను. మేము సంతోషించితిమి.

ఆదివారము ఉదయము మంచు తడిసిన గట్టు మీదుగా నడచి గుడికి వెళ్లితిమి. నాలుగడుగులు వేయకముందే ముడుతల యొద్ద పాలిష్ పొరలుగా చిట్లెను. మా తెల్లని పంచె అంచుకు మరక లంటెను. జోళ్లు గుమ్మము బయట విడిచితిమి గాని పంచెను విడువలేము గదా! ఆ మరకతోనే సంఘము నెదుట నిలువబడి వాక్యము చదివితిమి.

ఆరాధన ముగిసిన తరువాత మా పెదనాయన వరుసయగు వృద్ధుడొకడు మా యొద్దకు వచ్చెను. ఆయన బస్సులు నిలుచు చోట గొడుగు నీడన కూర్చుండి చెప్పులు కుట్టును. గుమ్మము నొద్ద మా జోళ్లను చేతికి తీసికొని త్రిప్పి చూచి, ఇతరులకు వినబడకుండ మెల్లగా ఇట్లనెను: "అబ్బాయీ, రేపు పొద్దున్నే ఈ జోళ్లు నా దగ్గరికి పట్టుకురా. మీ నాయనకు కుట్టింది నేనేరా."

ఆ మాట మమ్మును పొడిచెను. ఏలయనగా ఆ జోళ్లు పట్టణములో కొన్నవని మేము నలుగురితో చెప్పుకొనియుంటిమి. అంతేకాదు, బస్సు దిగినప్పుడెల్ల ఆయన కూర్చుండు ప్రక్కకు పోక, వీధి ఆవలి ప్రక్కనుండి నడచిపోవుట మాకు అలవాటు. చదువుకొని ఉద్యోగములో నున్న మాకు, ఆరెయు రంపెయు ముందుంచుకొని కూర్చున్న బంధువు ఉన్నాడని పరులకు తెలియుట ఇష్టములేకుండెను. బూజు మీద పాలిష్ పూసినది జోళ్లకు మాత్రమే కాదు.

సోమవారము జనులు రాకమునుపే, తెల్లవారుజామున, సంచిలో చుట్టి ఆ జోళ్లు తీసికొనిపోతిమి. పెదనాయన మమ్మును ఏమియు అనలేదు. లేసులు విప్పి ప్రక్కను పెట్టెను. గుఱ్ఱపు వెండ్రుకల బ్రష్షుతో దుమ్ము దులిపెను. అడుగు అట్టకును పైతోలుకును నడుమ కుట్టులో నిలిచిన మట్టిని చిన్న బ్రష్షుతో తీసెను. తరువాత గుడ్డను తడిపి గట్టిగా పిండి, కొంచెము సబ్బు నురుగు తీసికొని, మేము పూసినదంతయు తుడిచివేసెను. మా మెరుగంతయు ఆ గుడ్డలోనికి పోయెను. జోళ్లు మునుపటికంటె అందవిహీనముగా కనబడెను.

"ఉన్నదీ పోయిందే, పెదనాయనా" అంటిమి.

"అది ఉన్నట్టు కాదురా. పైన మెరిసేది రేపటికి పోద్ది. లోపలికి ఇంకిందే నిలుస్తది" అనెను.

పాత వార్తాపత్రిక కాగితములు జోళ్లలో కుక్కి వాటిని నీడను పెట్టెను. ఎండలో పెట్టిన త్వరగా ఆరును గదా అని మేమడుగగా, "తొందరపెడితే తోలు బిగుసుకుపోద్ది. సాయంత్రం రా" అనెను. సాయంత్రమనగా బస్సులన్నియు వచ్చు వేళ. తెలిసినవారందరు అక్కడ నిలుచు వేళ. మేము బరువైన మనస్సుతో తిరిగి వచ్చితిమి.

ప్రియులారా, ఆయన చేసిన పనియొక్క మర్మమును కొంచెము వివరింతుము. తోలనగా చర్మము. దానిలో కొంత నూనె యున్నంత కాలము అది మెత్తగా వంగును. ఎండయు దుమ్మును ఆ నూనెను హరించినప్పుడు అది బిరుసెక్కి, వంగు చోటనే బీటలు వాఱును. డబ్బీలో వచ్చు గట్టి మైనపు పాలిష్ ముఖ్యముగా పైన మెరుపు నిచ్చును. క్రీము పాలిష్‌లో మైనముతోపాటు నూనెయు, రంగును, దానిని మెత్తగా నుంచు ద్రవమును కలిసియుండును గనుక అది తోలులోనికి కొంత ఇంకి, దానిని మెత్తపరచి, వెలిసిన రంగును తిరిగి తెచ్చును. మన పెద్దలు ఈ సంగతి బుడ్డి పాలిష్ రాకమునుపే ఎరుగుదురు. తంగేడు పట్టతో తోలు ఊనిన ఆ చేతులే కిర్రుచెప్పులకు ఆముదము పట్టించి మెత్తపరచెడివి. అయితే ఆముదమైనను క్రీమైనను మురికి పొర మీద పూసిన లోపలికి చేరదు. తుడిచిన తోలే త్రాగును.

దీనినుండి మనము నేర్చుకొనవలసిన మొదటి సంగతి ఇదియే. దేవుడు మనలను బాగుచేయుటకు మొదలుపెట్టినప్పుడు మన మెరుగును మొదట తుడిచివేయును. దావీదు తన పాపము బయలుపడిన దినమున 51వ కీర్తనలో, తన్ను అలంకరింపుమని వేడుకొనలేదు. తన్ను కడుగుమని వేడుకొనెను. శుద్ధహృదయమును కోరుట ఆ తరువాత వచ్చినది. మనము ఈ వరుసను తలక్రిందు చేయుదుము. ప్రార్థనలో మంచి మాటలు, పాటలో మంచి గొంతు, కానుకలో మంచి మొత్తము పైపైన పూసి, లోపల అన్నదమ్ములతో పొలము గట్టు తగవును, కోడలితో మాటలాడని పంతమును అట్లే ఉంచుకొందుము. ఆదివారపు దీపము వెలుతురున మెరయుదుము. సోమవారపు గట్టు మీద చిట్లిపోవుదుము.

రెండవ సంగతి: కొన్నిటికి పూత చాలదు. సాయంత్రము మేము వెళ్లునప్పటికి పెదనాయన ఎడమ జోటి ప్రక్కన వాఱిన బీటను చూపించి, "బీటకు పాలిష్ మందు కాదు, కుట్టే మందు" అనెను. లోపలినుండి పల్చని తోలు ముక్క పెట్టి, మైనము రాచిన దారముతో కుట్టెను. సహోదరులారా, ఒకని యొద్ద అక్రమముగా తీసికొనినది మనయింట నున్నయెడల, దానికి కన్నీటి ప్రార్థన మాత్రమే చాలదు. తిరిగి ఇచ్చివేయవలెను. జక్కయ్య తన యింట ప్రభువును చేర్చుకొనిన దినమున పాట పాడి ఊరకుండలేదు. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు మరల చెల్లింతునని ఒప్పుకొనెను. ఆరెతో పొడిచినప్పుడు తోలుకు నొప్పియే. కాని కుట్టు లేనిదే ఆ బీట మూయబడదు.

కుట్టు ముగిసిన పిమ్మట ఆయన క్రీమును మడమ వెనుక కనబడని చోట చిటికెడు పూసి రంగు సరిపడునో లేదో చూచెను. తరువాత సెనగగింజంత తీసికొని, గుడ్డతో చిన్న చిన్న సున్నలుగా త్రిప్పుచు పల్చగా పట్టించెను. పావుగంట ఆగెను. బ్రష్షుతో రుద్దెను. మరల పల్చగా పూసెను, మరల ఆగెను. తుదకు మెత్తని పాత పంచె గుడ్డతో తుడిచెను. మేము వేలెడు మందమున ఒకేసారి పూసినది ఒక రాత్రి నిలువలేదు. ఆయన కొంచెము కొంచెముగా పట్టించినది నిలిచెను. దినదినము చదువు కొద్ది వాక్యము, దినదినము చేయు చిన్న ప్రార్థన ఆత్మకు అట్టివే. ఉజ్జీవ కూటముల మూడు దినములలో ఏడాదికి సరిపడ భక్తి పూసికొందమనుకొనుట మా శనివారపు రాత్రి పనివంటిది.

ఇంతలో బస్సు వచ్చెను. మాతో పనిచేయు స్నేహితుడొకడు దిగి, మమ్మును అక్కడ చూచి ఆశ్చర్యపడి, "మీరిక్కడ కూర్చున్నారేమిటండీ?" అని అడిగెను. పెదనాయన తల ఎత్తలేదు. మాకు మాట సాయము చేయుటకో యేమో, తెలియనివానివలె తన పని తాను చేసికొనుచుండెను. ఆ వంచిన తలను చూచినప్పుడు మాకు తెలిసినది: మేము ఇన్నేండ్లు వీధి ఆవలి ప్రక్కన నడచిపోవుట ఆయన ఎరుగును, ఎరిగియు మా జోళ్లు బాగుచేయ పిలిచెను.

ఇక్కడ మూడవ సంగతి గలదు. పేతురు యొప్పేలో చాలదినములు ఎవరి యింట బస చేసెను? తోళ్లు బాగుచేయు సీమోను యింట. చచ్చిన జంతువుల తోళ్లతో పనిచేయువారిని యూదులు హీనముగా ఎంచెడివారు. అయినను దేవుడు పవిత్రపరచిన వానిని నిషిద్ధమని ఎంచకూడదను పాఠము పేతురునకు నేర్పబడినది ఆ యింటి మిద్దె మీదనే. 1793లో భారతదేశమునకు వచ్చిన విలియం కేరీగారు ఇంగ్లండులో చెప్పులు కుట్టి బ్రదికినవాడు. ఆయన శ్రీరాంపూరులో కట్టిన పనిలోనుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చుపడి వచ్చినది. గొప్పవారి భోజనపు బల్ల యొద్ద ఒకడు ఆయన పాత వృత్తిని ఎత్తి పొడువగా, తాను జోళ్లు చేయువాడను కూడ కాదనియు, పాతవి అతుకువాడను మాత్రమేననియు ఆయన బదులిచ్చెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆయన ఆ మచ్చ మీద పాలిష్ పూయలేదు. మన ఒంగోలు ప్రాంతమున 1866లో బాప్తిస్మము పొంది, తన జనులయొద్దకు సువార్త మోసికొనిపోయిన ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారము చేసినవారే. మనలో అనేకుల విశ్వాసము ఆ తోలు పట్టిన చేతులనుండి వచ్చినది.

మన ముసలివారు ఎరిగిన సంగతి మరియొకటి. అందరికి జోళ్లు కుట్టి యిచ్చినవారు తామే జోళ్లు తొడిగికొని పెద్దల వీధిలో నడువకూడని దినములుండెను. ఊరి మొగలో వాటిని విప్పి చేత పట్టుకొని పోవలసియుండెను. అట్టివారు లూకా 15వ అధ్యాయము వినినప్పుడు వారి హృదయము ఎట్లు కరిగియుండునో ఆలోచించుడి. ఆ దినములలో దాసులు సాధారణముగా వట్టి కాళ్లతో నుండెడివారని వ్యాఖ్యాతలు చెప్పుదురు. చిన్న కుమారుడు కూలివానిగా ఉండుటకు వచ్చెను. తండ్రి అతని కాళ్లకు జోళ్లు తొడిగించెను. వీడు కూలివాడు కాడు, నా కుమారుడని ఊరందరికి ఆ జోళ్లే చెప్పెను. మరియు ఆ తండ్రి పందుల వాసన కొట్టు కుమారుని చూచి వీధి ఆవలి ప్రక్కకు తొలగిపోలేదు. పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనెను. మనలను సహోదరులని పిలుచుటకు సిగ్గుపడని ప్రభువు మనకుండగా, మన వారిని మనవారని చెప్పుటకు మనము సిగ్గుపడవచ్చునా?

మేము లేచి నిలువబడి, "వీరు మా పెదనాయనగారండీ. ఈ జోళ్లు మా నాయనగారికి వీరే కుట్టినారు. పట్టణములో కొన్నవని మేము చెప్పినది అబద్ధము" అని ఆ స్నేహితునితో చెప్పితిమి. పెదనాయన గుడ్డ దులిపి, జోళ్లు మా పాదముల ముందు పెట్టి, "తొడుక్కోరా అబ్బాయీ" అనెను. అంతే. మేము తొడిగికొని ఆయన సంచి పట్టుకొని ఆయనతోకూడ ఇంటికి నడచితిమి.

చదువరీ, ఈ పండుగకు ముందు నీ జోళ్లను చూడుము. పిమ్మట నీ హృదయమును చూడుము. ఏ బూజు మీద పూత పూసియున్నావు? ఏ బీటను కుట్టక విడిచితివి? ఎవరిని తప్పించుకొని వీధి ఆవలి ప్రక్కన నడచుచున్నావు? పండుగ దినమున సంఘమంతయు చూడవచ్చుటకు ముందే వారి యింటికి వెళ్లుము.

ప్రార్థింతము: పరలోకమందున్న మా తండ్రీ, మేము మెరయవలెనని కోరితిమి గాని శుద్ధులము కావలెనని కోరలేదు. మా పూతను తుడిచివేయుము. బీటలు వాఱిన చోట నీ చేతితో కుట్టుము. మేము నొప్పికి వెనుదీయకుండ బలమిమ్ము. ఎండిన మాలోనికి నీ ఆత్మ తైలమును దినదినము ఇంకనిమ్ము. మమ్మును నీ బిడ్డలని చెప్పుటకు నీవు సిగ్గుపడలేదు గనుక, మా వారిని మావారని చెప్పు ధైర్యమును మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.