అరిసెలకు గడువున్నదా?

బిడ్డ తొలి అడుగు వేసినప్పుడు అరిసెలు పంచుట తెలుగు ఇండ్ల ఆచారము. ఆ అడుగు ఏడాదికి గాక మూడవయేట పడినచో అరిసెలు వండవలెనా, మానవలెనా? కొన్ని ఇండ్లలో సిగ్గు పొయ్యి వెలిగింపనీయదు.

డౌన్ సిండ్రోమ్ గల బిడ్డలనే తీసికొందము. 21వ క్రోమోజోము సాధారణముగా ఒకటి అదనముగా నుండుటయే దీనికి కారణమని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1959లో ప్రకటించిరి. ఇందు తల్లి దోషము లేదు. పూర్వజన్మ పాపమును వెదకనక్కరలేదు. కండరములు సడలియుండుటచే వీరిలో పెక్కుమంది రెండేండ్ల ప్రాంతమున, కొందరు ఇంకను ఆలస్యముగా నడక నేర్తురు. ఇతర శిశువులు ఆటలో నేర్చినదానిని వీరు నెలల సాధనతో సంపాదింతురు. కాయకమును గౌరవించు వారు ఈ శ్రమను చూడకుండుట న్యాయమా?

అయితే ఒక చిక్కు కలదు. శ్రమ ఫలించిననే పండుగయైనచో, ఎన్నటికిని నడువలేని బిడ్డ మాటేమి? పండుగ శ్రమకిచ్చు కూలి కాదు. బిడ్డ తనకు చేతనైనది చేయగా ఇంటివారు చూచి మురియుటయే పండుగ. చెంచా పట్టుట, పిలిచినవారి వైపు తల త్రిప్పుట కూడ అట్టివే. పొరుగింటి బిడ్డ వయస్సుతో కొలుచుట మానినచో ఇట్టి దినములు ప్రతి ఇంటను కనబడును. ఆ దినమున బంధువులు జాలిమాటలు కట్టిపెట్టి అరిసెను సంతోషముగా అందుకొనవలెను.