ఆనకట్టయు ఒండ్రుమట్టియు

ధ్యానమునకు: 139వ కీర్తన, యోహాను సువార్త 9వ అధ్యాయము



కళాశాలలో జీవశాస్త్రము చదువు మన పిల్లలు సెలవులకు వచ్చి, “శరీరములోని కణమును దేవుడు చేసెనా, తనంతట తానే కలిగెనా?” అని అడుగుదురు. వారిని గద్దించి ఊరకుండుట జవాబు కాదు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్క్ గారితో కలిసి, కండరములలో ఏ.టి.పి. అను పదార్థమును కనుగొని 1929లో ప్రకటించిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ గారును దానిని కనుగొనిరి. మనము చేయి ఎత్తినను, గుండె కొట్టుకొన్నను ఖర్చగు నాణెము ఇదియే. దీనిని ముద్రించు యంత్రము కంటికి కనబడనంత చిన్నది. కణములోని ఒక పొరకు ఒక ప్రక్కన హైడ్రోజను అయానులు ఆనకట్ట వెనుక నీటివలె నిలిచి, సందుగుండ దిగునప్పుడు ఒక చక్రము తిరుగును. అది ఒక్క చుట్టు తిరిగిన మూడు ఏ.టి.పి.లు తయారగును. ఈ పనితీరును వివరించిన బోయర్, వాకర్ గార్లు 1997లో నోబెల్ బహుమానము పొందిరి.

ధవళేశ్వరము ఆనకట్టను చూచి, అది తనంతట లేచినదని ఎవడును అనడు. 1847 మొదలు 1852 వరకు కాటన్ దొరగారు దానిని కట్టించిరి. ఆలాగే కణములోని యంత్రములకును కర్త ఉండవలెనని 1996లో బీహీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పుస్తకము వ్రాసెను. వాదము వినుటకు ఇంపుగానున్నది. అయితే శాస్త్రజ్ఞులలో అత్యధికులు దానిని ఒప్పుకొనరు. ఆనకట్ట పిల్లలను కనదు, జీవులు కనును. తరతరమునకు కలుగు చిన్న మార్పులలో ఉపయోగమైనవి నిలిచి, బహుకాలమునకు ఇట్టి యంత్రములు ఏర్పడెనని వారందురు.

అట్లయిన మన విశ్వాసము కూలునా? మీ పొలములోని ఒండ్రుమట్టిని చూడుడి. ఏ ఇంజనీరును దానిని పరచలేదు. గోదావరి వేలాది సంవత్సరములు మోసికొనివచ్చి పోసినది. ఆ సంగతి తెలిసినందున కోతపండుగనాడు ధాన్యపు గంపను మందిరమునకు తెచ్చుట మానితిమా? ఆనకట్టకు మాత్రమే స్తోత్రము చెల్లించి మట్టిని మరచుదుమా? మనకు తెలియని చోటనే దేవుని నిలిపితిమా, తెలివి పెరిగినకొలది ఆయనను మనమే వెనుకకు నెట్టినవారమగుదుము.

మరియొక సంగతి. మన్యములో సికిల్ సెల్ వ్యాధితో బాధపడు బిడ్డలున్నారు. జన్యువులోని వ్రాతలో ఒక్క అక్షరము మారుటయే దానికి మూలము. ప్రతి అణువును దేవుడే స్వయముగా చెక్కెనని వాదించినచో, ఆ తల్లికి ఏమి చెప్పుదుము? పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగిరి. ప్రభువు వానిమీద గాని వాని కన్నవారిమీద గాని నేరము మోపక, వానికి చూపునిచ్చెను.

సుబ్బారావుగారి బృందము చేసిన అమినోప్టెరిన్ అను మందు, రక్తపు క్యాన్సరుగల పసిబిడ్డలకు కొంతకాలము ఉపశమనమిచ్చినదని 1948లో ఫార్బర్ వైద్యుడు ప్రకటించెను. కణమును శోధించిన జ్ఞానము బిడ్డల మంచమునొద్దకు చేరినది.

కాబట్టి మీ పిల్లలను భయములేక చదువనియ్యుడి. సృష్టికర్తను వాదములో గెలిపించు భారము మనది కాదు. రోగియైన పొరుగువానిని పరామర్శించు భారము మనదే.