మిశ్రమ సంగీతంలో పవిత్రత

కొలుపు కోసం పుట్టిన పాటలో పరాయి వాద్యం చేరితే పవిత్రత నిలుస్తుందా, చెడుతుందా అన్నది సంగీత తత్త్వంలో పాత ప్రశ్న. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో సంగీతాన్ని మార్గం, దేశి అని రెండుగా విడదీశాడు. నియమబద్ధమై శ్రేయస్సునిచ్చేది మార్గం. ఆయా ప్రాంతాల జనం మనసును రంజింపజేసేది దేశి. ఈ విభజనకు ఆధారం నియమమూ ప్రయోజనమూ. వాద్యం ఎక్కడ పుట్టిందన్న విచారణ ఇందులో లేదు.

ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్ మీద ద్వారం వెంకటస్వామినాయుడు త్యాగరాజ కృతులు పలికించారు. 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాలలో ఆ విద్యనే బోధించారు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, జంట తీగల మాండొలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మలచుకున్నారు. గమకం పలికింది కనుక కృతి కృతిగానే నిలిచింది. గమకం పలకదన్న ఆక్షేపణతోనే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. రామమందిరాల్లో భజన మాత్రం ఆ పెట్టెతోనే సాగింది. పదిమంది గొంతులూ ఒక శ్రుతిలో కలవడమే భజనకు కావలసింది.

ఇండీ రాక్‌లో లాటిన్, ఎడారి బాణీలు కలిసిన అమెరికా నైరుతి ప్రాంతంలోనూ ప్రయోజనాన్ని బట్టి వచ్చే ఇలాంటి తేడానే కొలుపుకూ కచేరీకీ మధ్య కనిపిస్తుంది. అరిజోనాలో తోహోనో ఓధమ్ జనం అకార్డియన్, శాక్సొఫోన్, గిటారులతో వాయించే వైలా, ఐరోపా పోల్కా నుంచి ఎదిగిన నృత్య సంగీతం. పునీతుల పండుగల్లో అది రాత్రంతా మోగుతుంది. 1966లో మెక్సికోలోని క్వెర్నవాకాలో మరియాచీ వాద్యాలతో పూజాబలి జరిపారు. ఆ మరియాచీ బాకాలనే టూసాన్ నగర బృందం కలెక్సికో రాక్ గిటారుతో జతచేసి కచేరీకి తెచ్చింది. చర్చిలో బాకా ప్రార్థనలో భాగం, కచేరీలో శ్రోతల ఆనందానికి సాధనం.

ఆ తేడా మన దగ్గరా ఉంది. మైదానం ముగిసి చింతపల్లి ఏజెన్సీ దారి మొదలయ్యే చోట నర్సీపట్నం ఉంది. ఆ దారి ఎక్కే విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు డప్పు, తుడుము, మోరి మోగుతుంటే థింసా నృత్యం ఆడతారు. అక్కడ ఒక గిటారు వచ్చి చేరినా పండుగ పండుగే. అదే దరువును అవే వాద్యాలతో సందర్శకుల కోసం వేదిక మీద పది నిమిషాలకు కుదిస్తే, ఋతువుతోనూ ఊరితోనూ దానికున్న బంధం తెగుతుంది. ఎంత స్వచ్ఛంగా వినిపించినా అది ప్రదర్శనే.

నాదమే బ్రహ్మం కనుక పవిత్రత ధ్వనిలోనే ఉందనేవారున్నారు. ఆ మాట ఒప్పుకుంటే ఎలక్ట్రిక్ తీగ నాదాన్ని వెలివేయడం కుదరదు. నాదమంతా పవిత్రమైనప్పుడు కొలుపుకూ కచేరీకీ తేడా చెప్పడానికి ధ్వని చాలదు. ఆ సంగీతం ఎవరిని ఉద్దేశించింది, ఎవరి నియమానికి లోబడింది అన్నవి చూడాలి. జనరంజకమైన దేశి కూడా శాస్త్రం ఒప్పుకున్న సంగీతమే కాబట్టి, కచేరీగా మారడం దోషం కాదు. కచేరీని కొలుపని చెప్పుకోవడమే దోషం.