ఎవరి సీజన్?

అండమాన్ వెళ్ళడానికి ఏ నెల మంచిదని ఎవర్నడిగినా దాదాపు ఒకటే జవాబు. అక్టోబరు నుంచి మే మొదటి వారాల దాకా ఎప్పుడైనా వెళ్ళొచ్చు, డిసెంబరు - ఫిబ్రవరి మధ్య అయితే మరీ మంచిది. సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నీళ్ళు తేటగా ఉంటాయి, పగడాలు కనిపిస్తాయి. మే మూడోవారానికల్లా నైరుతి రుతుపవనాలు అక్కడ దిగిపోతాయి. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, అంటే మన హైదరాబాదులో పడేదానికి మూడు రెట్ల పైనే.

నేను జూన్‌లో వెళ్ళాను. సెలవు అప్పుడే దొరికింది, టికెట్లు చవగ్గా ఉన్నాయి. జనం లేని అసలైన దీవిని చూడబోతున్నానని కాస్త గర్వం కూడా.

మూడో రోజు హేవ్‌లాక్‌కి పడవలు రద్దయ్యాయి. (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, అయినా అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు.) పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రేవు దగ్గర నిలబడి చిన్న బోటు అబ్బాయిని హిందీలో అడిగాను: కాస్త దూరం తిప్పి తీసుకురా, రెట్టింపు ఇస్తాను. వాడు సముద్రం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. కాదనలేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే తెలుగులో అన్నాడు: "ఒరే, బేరం రేపైనా వస్తాది. నువ్వు తిరిగి రాకపోతే ఏటి చేస్తాం?"

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. నాకా సంగతి తెలుసు. నాకు తెలుగొచ్చని ఆయనకి తెలీదు. అర్థంకానట్టే నిలబడ్డాను. అబ్బాయి "కల్ సాబ్" అన్నాడు. సరేనని వచ్చేశాను.

గదికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. నేను చేసిందేంటి? డబ్బిస్తానన్నాను, బలవంతపెట్టలేదు. వాడికిష్టం లేకపోతే కాదనొచ్చు. కానీ జనవరిలో అయితే వాడు "కాదు" అనడం తేలిక, నా వెనకాల ఇంకో పదిమంది ఉంటారు. జూన్‌లో వాడికి దొరికిన బేరం నేనొక్కణ్ణే. ఆఫ్ సీజన్‌లో నాకు గది చవకయింది, వాడికి మాత్రం "కాదు" అనడం ఖరీదైంది. ఈ రెండోది ఏ హోటల్ బిల్లులోనూ కనపడదు.

అలాగైతే బుద్ధిగా సీజన్‌లోనే వెళ్తే సరిపోతుందా? మంచి నెలలనేవి కూడా సగటు లెక్కలే. 2016 డిసెంబరులో వాయుగుండం వల్ల హేవ్‌లాక్‌లో చిక్కుకుపోయిన పర్యాటకుల కోసం నేవీ ఓడలు వెళ్ళాయి. ఆ వాయుగుండమే తర్వాత వర్ధా తుఫానై చెన్నై మీద పడింది. 2004 డిసెంబరు 26 కూడా నిండు సీజనే.

దాని కన్నా నన్ను ఇబ్బంది పెట్టే విషయం ఇంకోటుంది. మనకి బాగుండే నెలలు అక్కడి వాళ్ళకి వానలు ఆగిపోయే నెలలు. పోర్ట్ బ్లెయిర్‌కి నీళ్ళిచ్చే ధనికారి జలాశయం నిండేది వానలతోనే. వేసవికల్లా అది అడుగంటితే ఊళ్ళో కుళాయి నీళ్ళు వంతులవారీగా వదులుతారు. మనం ఎండ బాగుందని మురిసిపోతూ రెండుపూటలా స్నానం చేస్తాం. నా ట్రిప్ పాడుచేసిన జూన్ వాన ఆ ఊరికి తాగునీళ్ళు. తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది కూడా ఎక్కువగా ఆ చలికాలపు నెలల్లోనే. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపే సముద్రం అనుకుంటాయి, ఒడ్డున దీపాలుంటే అటు నడుస్తాయి.

మా తాతయ్య కాలాన్ని కార్తెల్లో లెక్కపెట్టేవాడు. రోహిణి, మృగశిర, ఆరుద్ర. మృగశిర వచ్చిందంటే దుక్కి సంగతి చూసుకోవాలి, ఆయనకి ఓపికున్నా లేకపోయినా. కార్తె వచ్చినప్పుడు మనిషి కదలాలి. సీజన్ అనే మాటలో అది తిరగబడింది. మామిడిపళ్ళ సీజన్ అంటే చెట్టు కాసే కాలం. టూరిస్టు సీజన్ అంటే మాత్రం మనం వెళ్ళే కాలం. కార్తెలన్నీ గొప్పవని కాదు, ఆ లెక్క తప్పితే అప్పులపాలైన రైతులున్నారు. ఊరికే, ఈ రెండు మాటల్లో ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో గమనించడానికి చెప్తున్నాను.

వండూర్ దగ్గర 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. అందులో జాలీ బాయ్, రెడ్ స్కిన్ అని రెండు దీవులు. పర్యాటకులకి రెండూ ఒకేసారి తెరవరు. సుమారు ఆరునెలలు ఒకటి, ఆరునెలలు ఇంకోటి. మూసినన్నాళ్ళూ అక్కడి పగడాలకి సెలవు. వానల్లో వెళ్ళినవాళ్ళకి తేట నీళ్ళకి పేరున్న జాలీ బాయ్ దొరకదు, రెడ్ స్కిన్‌తో సరిపెట్టుకోవాలి. నేనూ సరిపెట్టుకున్నాను, గొణుక్కుంటూనే. ఇప్పుడాలోచిస్తే, నేను చూసినవాటిలో మనకి ఏది మంచి కాలం అని కాకుండా ఆ చోటుకి ఏది మంచి కాలం అని అడిగిన ఏర్పాటు అదొక్కటే.

మొన్నొక ఫ్రెండ్ అడిగాడు, ఏ నెలలో వెళ్ళమంటావని. జనవరిలో వెళ్ళమన్నాను. వానలో వెళ్ళడం పుణ్యకార్యమేం కాదు, అందరూ అలా మానేస్తే ఆ బోటు అబ్బాయి ఏం తింటాడు? రెండ్రోజులు ఎక్కువ పెట్టుకోమన్నాను. పడవ లేదంటే లేదని ఊరుకోగలిగే వీలు మన దగ్గరుండాలి. తిరుగు టికెట్ తొందరలో మనమిచ్చే రెట్టింపు డబ్బు అవతలివాడి ప్రాణం మీదకి రాకూడదు.

ఆ ముసలాయనతో తెలుగులో ఒక్క మాట మాట్లాడి రావాల్సింది. మర్నాడు వాన తగ్గింది, పడవలు కదిలాయి. నేను రేవుకి ఇంకో దారిన వెళ్ళాను.