యాభై దాటిన లేవీయుడూ, కెమెరా సంచీ

ఈ నెల రాయబోయే సంగతి కొందరికి వింతగా అనిపించవచ్చు. కెమెరా బరువు గురించి. వయసు పైబడుతున్న ఫొటోగ్రాఫర్ తన సామాను తగ్గించుకోవచ్చా, తగ్గించుకుంటే పోయేదేమిటి, ఎవరికి పోతుంది అన్నది నా ప్రశ్న. హారిసన్‌లోనూ చుట్టుపక్కల గంగాలిన్ పేటల్లోనూ మన కూడికలకు ఫొటోలు తీసేవాళ్లం నలుగురైదుగురం ఉన్నాం. ఇరవై ఏళ్ల క్రితం అందరం ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లమే. ఇప్పటి లెక్క మీరే వేసుకోండి.

ముందు తూకం చూద్దాం. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్ బాడీ ఒక్కటి దగ్గరదగ్గర 900 గ్రాములు. పెళ్లికి రెండు కావాలి, ఒకటి మొరాయిస్తే రెండోది. 70-200 ఎఫ్ 2.8 లెన్స్ కిలోన్నర. 24-70 మరో 800 గ్రాములు. ఆపైన ఫ్లాష్, బ్యాటరీలు, ట్రైపాడ్, వీటన్నిటినీ మోసే సంచీ సొంత బరువు. మొత్తం ఎనిమిది కిలోలకు తక్కువ ఉండదు. ఇండియన్ షాపులో పది కిలోల సోనా మసూరి బస్తా కొంటే కారుదాకా తీసుకెళ్లడానికి ట్రాలీ వెతుక్కునే వయసు మాది. కృతజ్ఞతా కూడికలో మాత్రం ఇంచుమించు అంత బరువుతో నాలుగు గంటలు నిలబడతాం. ఎవరైనా పిల్లవాడు వచ్చి "అంకుల్, కాసేపు కూర్చోండి" అంటే ముఖం ముడుచుకుంటాం.

ఆ ముఖం ముడుచుకోవడంలోనే అసలు విషయం ఉంది. నడుము నొప్పి డాక్టరు చూసుకుంటాడు. సంచీ దించేస్తే హాల్లో నేనెవరిని అన్న భయాన్ని ఏ డాక్టరూ చూడడు.

బరువు దించకూడదనేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. అరౌనా కళ్ళాన్ని ఊరికే ఇస్తానన్నా దావీదు పుచ్చుకోలేదు. తనకు ఖర్చు కానిదాన్ని దేవునికి అర్పించడానికి ఆయన మనసు ఒప్పలేదు. దేవుని పనికి శ్రేష్ఠమైనదే ఇవ్వాలి కదా, చిన్న కెమెరాతో సరిపెట్టుకోవడం అర్పణలో కోత కాదా అని ఆలోచించే నమ్మకస్థులు మనలో ఉన్నారు. వారికి సాక్ష్యం కూడా దొరుకుతుంది. హారిసన్‌లో లైట్ రైల్ ఎక్కి సిటీలో దిగి, అక్కడినుంచి బస్సులో సరస్సు ఒడ్డున ఉన్న నేషనల్ లైబ్రరీకి వెళ్తే, ఆ లైబ్రరీ భద్రపరచిన సంపదలో పీటర్ డాంబ్రోవ్‌స్కిస్ చిత్రాలు మూడు వేలకు పైగా ఉన్నాయి. టాస్మేనియా కొండల్లోకి లిన్‌హాఫ్ లార్జ్ ఫార్మాట్ కెమెరాను వీపున మోసుకెళ్లిన మనిషి ఆయన. ఫ్రాంక్లిన్ నది మీద 1979లో తీసిన 'రాక్ ఐలాండ్ బెండ్' 1983 ఎన్నికల ముందు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనగా వచ్చింది. ఆ నదికి ఆనకట్ట పడలేదు. పొగమంచులో ప్రతి రాయి అంచూ కనిపించే ఆ స్పష్టత ఆ పెద్ద ఫిల్ము వల్లే వచ్చింది, జేబులో పట్టే కెమెరాతో వచ్చేది కాదు. 1996లో 51 ఏళ్ల వయసులో, ఆ కొండల్లోనే ఫొటోలు తీస్తూ గుండెపోటుతో పోయారు. బరువే కారణమని నేననను, అనే హక్కు నాకు లేదు. కొన్ని పనులకు బరువు తప్పదని మాత్రం ఆయన చిత్రాలు చూస్తే ఒప్పుకోవాలి.

అయితే మన పని ఆ కొండల్లో పనేనా? కూడికలో మనం తీసేవి రాళ్లు, పొగమంచు కావు. బాప్తిస్మపు నీళ్లలోంచి లేచిన పిల్ల ముఖం, క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి తలపాగా జారిపోవడం, విజిటర్ వీసా మీద ఆరు నెలలకోసం వచ్చిన అమ్మగారు మనవడిని ఒళ్లో పెట్టుకోవడం. వీటికి ఎన్ని కిలోలు కావాలి?

చిన్న కెమెరా పుట్టుకే ఒక బలహీనతతో ముడిపడి ఉంది. జర్మనీలో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కర్ బార్నాక్‌కు ఆస్తమా. గాజు పలకల కెమెరా మోసుకుని కొండలెక్కితే ఊపిరి ఆడేది కాదు. సినిమా ఫిల్మును వాడుకుని అరచేతిలో ఇమిడే కెమెరా ఒకటి ఆయన 1914 నాటికి తయారుచేశాడు. అదే 1925లో లైకాగా బజారులోకి వచ్చింది. ఈ రోజు మనం 'ఫుల్‌ఫ్రేమ్' అని గొప్పగా చెప్పుకునే 36 బై 24 ఎంఎం కొలత ఆ ఆస్తమా మనిషి కెమెరాదే. మన భుజాలు విరిచే సామాను ఒకప్పుడు తేలికపాటి సామానుగా పుట్టిందన్నమాట. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన నెగటివ్‌లు వేలల్లో ఇక్కడి నేషనల్ లైబ్రరీలోనే ఉన్నాయి. 1915లో షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ అంటార్కిటికా మంచులో నలిగిపోయినప్పుడు, హర్లీ ఓడలోకి చేరిన మంచునీళ్లలో దిగి తన గాజు నెగటివ్‌లను బయటికి తెచ్చాడు. కానీ పడవల్లో అన్నిటికీ చోటు లేదు. ఆయనా షాకిల్టనూ మంచు మీద కూర్చుని ఒక్కొక్కటీ చూసి, సుమారు 120 ఉంచుకుని, 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు. తర్వాత మనసు మార్చుకుని వెనక్కి రాకుండా ఉండేందుకు పగలగొట్టారట. ఆ తరువాత హర్లీ చేతిలో మిగిలింది ఒక చిన్న జేబు కోడాక్, మూడు ఫిల్ము రోల్స్. ఎలిఫెంట్ ఐలాండ్ మీద మిగిలినవాళ్ల చిత్రాలు ఆ కోడాక్ తీసినవే. అప్పుడాయన వయసు ముప్పై. బరువు దించుకోవడం ముసలితనానికి మాత్రమే పట్టే పని కాదని చెప్పడానికి ఇది రాశాను.

ఇక నేను చూసినది చెబుతాను. ఇప్పుడు నా దగ్గర ఒక చిన్న మిర్రర్‌లెస్ బాడీ, 200 గ్రాములైనా లేని 50 ఎంఎం లెన్స్ ఉన్నాయి. నష్టాలు ఉన్నాయి, దాచను. వెనక వరసలోంచి వేదిక మీది ముఖాన్ని లాక్కోలేను. ఇంకా చిన్న సెన్సర్ల వైపు వెళ్లిన మిత్రులకు అద్దె హాలు మసక వెలుతురులో గ్రెయిన్ కనిపిస్తుంది. కానీ 70-200 నన్ను ఇన్నేళ్లు దూరంగా నిలబెట్టిందని ఇప్పుడు తెలుస్తోంది. దూరం నుంచి తీసేవాడు ఎవరినీ అడగక్కర్లేదు. 50 ఎంఎం పట్టుకుంటే దగ్గరికి నడవాలి. "అమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అని నోరు తెరిచి అడగాలి. ఆవిడ వద్దంటే ఆగాలి. సరేనంటే రెండు మాటలు మాట్లాడాలి, ఏ ఊరు, ఎప్పుడు వచ్చారు, చలి ఎలా ఉంది అని. పెద్ద లెన్స్ ఎత్తగానే పమిట సర్దుకుని బిగుసుకుపోయే చేతులు, చిన్న కెమెరా ముందు తమ పనిలో తాము ఉంటాయి. అర్పణలో కోత పడిందో, ఇంకేదైనా కలిసిందో ఈ ఫొటోలు చూసి మీరే చెప్పాలి. ఖర్చు విషయానికొస్తే, దావీదు అడిగిన ఖర్చు ఇందులో తగ్గలేదు. మొహమాటస్తుడికి పరాయి మనిషి దగ్గరికి నడవడం ఎనిమిది కిలోలకన్నా ఎక్కువే.

సంఖ్యాకాండములో ఒక ఏర్పాటు నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. ప్రత్యక్ష గుడారాన్ని మోసే లేవీయుల్లో అందరికీ ఒకే కొలత లేదు. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు ఇచ్చారు. పలకలు, స్తంభాలు, దిమ్మలు మోసే మెరారీయులకు నాలుగు బండ్లు. పరిశుద్ధమైన ఉపకరణాలు భుజాల మీద మోయవలసిన కహాతీయులకు ఒక్క బండీ లేదు. బరువు చూసి బండ్లు ఇచ్చారు, భుజమే కావలసినచోట భుజమే అడిగారు. ఇక ఎనిమిదో అధ్యాయంలో, యాభై ఏళ్లు వచ్చిన లేవీయుడు ఆ కష్టమైన పని మానాలని ఉంది. మానినవాడు ఇంటికి పొమ్మని లేదు. గుడారంలో తన సహోదరులతోనే ఉండి, కాపాడవలసినవాటిని కాపాడుతూ ఉండాలి. మోత పోయింది, చోటు పోలేదు.

మన సంఘాల్లో ఈ రెండోది కరువవుతోందని నా అనుమానం. పరాయి దేశంలో మనం ఒకరినొకరు మోతను బట్టే గుర్తుపడతాం. స్పీకర్లు మోసే బ్రదర్, వందమందికి బిర్యానీ గుండిగ దించే ఆంటీ, కెమెరా అంకుల్. ఆ బ్రదర్ నడుముకు ఆపరేషన్ అయిన వారం మనం మొదట అడిగే ప్రశ్న "వచ్చే ఆదివారం స్పీకర్లు ఎవరు తెస్తారు?" అన్నది. తప్పు ప్రశ్నేం కాదు, హాలు అద్దెది, సామాను ఎవరో ఒకరు తేవాలి. కానీ ఆయన మూడు ఆదివారాలు వెనక కుర్చీలో ఖాళీ చేతులతో కూర్చుని, నాలుగో ఆదివారం రాకపోతే, అప్పుడు మనం ఏమడుగుతున్నాం?

గలతీయుల పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు ఒకచోట ఒకరి భారాలు ఇంకొకరు భరించాలంటాడు, మూడు వచనాల తర్వాత ఎవరి బరువు వారిదే అంటాడు. గ్రీకులో మాటలు వేరు: మొదటిది బారోస్, మనిషిని నలిపే భారం, రెండోది ఫోర్టియాన్, ఒక మనిషి మోసుకుపోగల మూట. తన భారం తేలికైనదని యేసు చెప్పినచోట మత్తయి రాసిన మాట ఈ రెండోదే. మూట అనేది ఉండాలి. దాని కొలత వయసుతో మారుతుంది.

పాత సామాను యువకులకు ఇవ్వడం గురించి ఒక మాట. లెన్స్ ఇవ్వండి, సంతోషం. కానీ ప్రతి కూడికకూ వచ్చి తీయాలన్న కట్టడిని దానితోపాటు సంచీలో పెట్టి ఇవ్వకండి. పందొమ్మిదేళ్ల పిల్లకు కిలోన్నర లెన్స్ బరువుగా ఉండదు, మన ఇరవై ఏళ్ల ఆనవాయితీ ఉంటుంది.

మరి సంచీ దించినవారు కాపాడవలసినది ఏమిటి? నా దగ్గరున్న హార్డ్ డిస్కులు తూస్తే ఒక్కొక్కటి అరచేతి బరువు. వాటిలో మన కూడికల ముఖాలు వేలల్లో ఉన్నాయి, పేర్లు లేవు. ఇండియా తిరిగి వెళ్లిపోయినవారు, మెల్‌బోర్న్‌కు మారినవారు, ప్రభువు నందు నిద్రించినవారు. ఆ ముఖాల పక్కన పేరు, ఊరు రాయగలిగినవారు మన తరంవాళ్లే. అది కూర్చుని చేసే పని. నెలకో శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచి పెడతాను, టీ ఉంటుంది. మీ ఇళ్లలో పాత ప్రింట్లు ఉంటే, వెనక పేర్లు రాసి ఉన్నా లేకపోయినా, పట్టుకురండి.