కోసేవాడి ఎడమచెయ్యి

మేం ఆపస్తంబ సూత్రులం. చిన్నప్పుడు నాన్నగారి దగ్గర తైత్తిరీయ సంహిత వల్లెవేస్తుంటే, రెండో అనువాకంలోనే గడ్డి కోసే మంత్రాలు వచ్చేవి. అర్థం చాలా ఏళ్లకు గానీ బోధపడలేదు. అమావాస్యకూ పౌర్ణమికీ చేసే దర్శపూర్ణమాసేష్టికి అధ్వర్యుడనే ఋత్విక్కు దర్భ కోయాలి. కొడవలి గానీ, గుర్రపు పక్కటెముక గానీ చేతబడతాడు. గుప్పెడు గడ్డి ఎడమచేత్తో పట్టుకుని, అడ్డదిడ్డంగా తెగకూడదని, సరిగ్గా కణుపు దగ్గరే తెగాలని, కోసిన తనకు కీడు రాకూడదని ఆ గడ్డికే విన్నవించుకుంటాడు. కోశాక మొదళ్లను తాకి వంద పిలకలు వెయ్యమంటాడు. తర్వాత తన్ను తాను తాకి, మేం వేయిగా పెరగాలంటాడు.

కోత మానలేదు, చూడండి. బౌద్ధ వినయం, అంటే భిక్షువుల నియమావళి, ఇంకా ముందుకు పోయి, భిక్షువు పచ్చిమొక్కను తెంపడమే దోషమంది. గొప్ప నియమమే. కానీ విహారం వాకిట్లో గడ్డిని ఎవరో ఒక గృహస్థు కోయాల్సిందే కదా, ఆ చేతి సంగతేమిటి? నా మనసు అధ్వర్యుడి వైపే మొగ్గుతుంది. చేస్తున్నది గాయమని ఒప్పుకుని, దాని ఎదుటే నిలబడ్డాడు.

తర్వాత కోత యంత్రం చేతికి పోయింది. 1830లో ఇంగ్లండులో, ఉన్ని మిల్లులకు పేరుపడ్డ స్ట్రౌడ్ దగ్గర, ఎడ్విన్ బడింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు పొందాడు. ఉన్నిబట్ట మీద లేచే నూగును కత్తిరించే యంత్రమే దానికి మూలం. గుండ్రంగా తిరిగే బ్లేడ్లు, కింద కదలకుండా ఉన్న బ్లేడుకు ఒరుసుకుంటూ గడ్డిని కత్తెరలా తెంపుతాయి. అంతకుముందు పొడుగు పిడి కొడవళ్లతో, మంచు తడి ఆరకముందే కూలీలు ఒళ్లు హూనం చేసుకుని కోసేవాళ్లు. వాళ్ల కోసమైనా ఆ యంత్రానికి దండం పెడతాను.

పొడుగు పిడి వచ్చినప్పుడే ఎడమచెయ్యి గడ్డిని వదిలింది. యంత్రం వచ్చాక కన్ను కూడా వదిలింది. 1979లో హల్ నగరంలో కవి ఫిలిప్ లార్కిన్ గడ్డి కోస్తుంటే, పొడుగ్గడ్డిలో దాగిన హెడ్జ్‌హాగ్, అదే ఆ చిన్న ముళ్ల జంతువు, బ్లేడ్లలో పడి చచ్చిపోయింది. దానికి అంతకుముందు ఆయనే తిండి పెట్టాడు కూడా.

హైదరాబాదులో మా కాలనీ పార్కు మాలి, వానాకాలంలో కట్టర్ ఆన్ చేసేముందు కర్రతో గడ్డంతా తట్టుకుంటూ పోతాడు. కప్పలు ఎగిరి అవతల పడతాయి. అధ్వర్యుడు చేసిన పనిలో సగం అతను చేస్తున్నాడనే నా నమ్మకం.

మిగతా సగం దగ్గరే నాకు చిక్కు. గడ్డి మొదట్లోంచి పెరుగుతుంది కనక పైన ఎన్నిసార్లు కోసినా బతుకుతుంది. దర్భ వేదికి చేరింది, పచ్చగడ్డి పశువు కడుపుకు చేరింది. లాన్‌లో కోసింది మూటగట్టి పారబోస్తాం, వెన్ను తీయనివ్వం, మళ్లీ వారానికి కోస్తాం. ఆ మొదళ్లను తాకి వంద పిలకలు వెయ్యమని ఏ నోటితో అడగను?