ఎవరి మెప్పు కొరకు వ్రాయుచున్నావు?

నీ యింటనో నీ పొరుగింటనో వ్రాయవలెనను కోరిక గల పడుచువాడో, పడుచుపిల్లయో ఉండవచ్చును. ఒకవేళ నీవే ఆ కోరిక గలవాడవేమో! పొలము పని ముగిసిన పిమ్మట దీపము క్రింద కూర్చుండి ఒక కథయో, ఒక పాటయో, నాలుగు పద్యములో వ్రాసికొనుట ఎంత సంతోషము! మొదటి నెల ఉత్సాహము పొంగును. రెండవ నెల ఆ కథ పత్రికకు పోవును. జవాబు రాదు. మూడవ నెల నోటుపుస్తకము అటకమీదికి ఎక్కును. వ్రాయు శక్తి లేక మానినవారు కొందరుందురు; మెప్పు రాలేదని మానినవారు ఇంకను ఎందరో గదా!

మెప్పు కోరుట తప్పా? తప్పు కాదు. బిడ్డ తాను గీసిన బొమ్మను తల్లికి చూపును. తల్లి నవ్వినయెడల మరల గీయును. మంచిమాట ఆకలిగొన్నవానికి గంజివంటిది. అయితే గంజి కొరకే దున్నువాడు గంజి అందని దినమున కాడి దింపును. పంట కొరకు దున్నువాడు దింపడు.

ఈ దినములలో ఈ శోధన మన చేతిలోనికే వచ్చినది. వ్రాసిన నాలుగు మాటలు ఫోనులో పెట్టిన గడియలోనే, ఎందరు మెచ్చిరో అంకె కనబడును. వందమంది మెచ్చినచో తల యెత్తుదుము. ఇద్దరే మెచ్చినచో నిద్ర పట్టదు. ఎందరు మెచ్చిరో ఆ అంకె చెప్పును గాని, వ్రాసిన మాట నిజమా, పని చక్కగా కుదిరెనా అనునది చెప్పజాలదు.

యిర్మీయా గ్రంథములోని బారూకును జ్ఞాపకము చేసికొనుము. అతడు ప్రవక్త పలుకగా వ్రాసిన లేఖకుడు. అతడు వ్రాసిన గ్రంథపు చుట్ట యెహోయాకీము రాజు ఎదుట చదువబడెను. అది చలికాలము, రాజు ముందర కుంపటి మండుచుండెను. చదివినంతమేర కోసి నిప్పులో వేయగా చుట్ట అంతయు బూడిదయాయెను. అప్పుడు బారూకు ఏమి చేసెను? మరియొక చుట్ట తీసికొని మొదటినుండి వ్రాసెను. పోయిన మాటలన్నియు అందులో చేరెను. వాటికి తోడు క్రొత్త మాటలును చేరెను. ఈ బారూకే ఒకప్పుడు అలసి మూలిగినవాడు. తన సొంత ఘనతను వెదకుకొనవద్దను హెచ్చరిక అతనికి వచ్చెను. పని గొప్పదిగా ఉండవచ్చును. ఆ పనిలో నేను గొప్పవాడను కావలెనను ఆశయే మనుష్యుని అలయజేయును.

మన తెలుగు నేలమీద గుఱ్ఱం జాషువ సంగతి చూడుము. 1895లో వినుకొండలో పుట్టెను. అంటరానివాడని అవమానములు పొందెను. ఉపాధ్యాయుడుగా జీవనము చేసెను. 1932లో 'ఫిరదౌసి' కావ్యము వ్రాసెను. ఫిరదౌసి పారశీక కవి. దాదాపు ముప్పది యేండ్లు కష్టించి 'షానామా'ను ముగించెను. గజినీ సుల్తాను బంగారు నాణెములిత్తునని చెప్పి వెండి నాణెములిచ్చెనని జనులు చెప్పుకొను కథ. ఆ బంగారము మాట కథగానే మిగిలెను. వెయ్యి సంవత్సరములు గడచినను 'షానామా' నిలిచియున్నది.

1941లో జాషువ 'గబ్బిలము' వెలువడెను. పూర్వము కాళిదాసు మేఘమును దూతగా చేసి కావ్యము చెప్పెను. మరియొక మేఘమును పంపుట జాషువకు సులభమే. కాని గుడి వాకిలి మూయబడిన పేదవాడు తన గోడు శివునికి ఎవరిచేత చెప్పించవలెను? అడ్డులేక గుడిలోనికి పోయి వ్రేలాడునది గబ్బిలమొక్కటే. గనుక గబ్బిలమే దూత ఆయెను. పాత అచ్చు, క్రొత్త వేదన! ఆ రెంటిని కలుపు కష్టములోనే ఆ కావ్యమునకు ప్రాణము వచ్చినది. 1958లో వెలువడిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చునాటికి ఆయనకు దాదాపు డెబ్బది యేండ్లు. బహుమానము వచ్చిన తరువాత వ్రాయుదునని కూర్చుండినయెడల ఆ గ్రంథములు పుట్టియుండునా?

కాబట్టి యౌవనస్థుడా, యౌవనురాలా, ఉత్సాహము చల్లారినప్పుడు సులభమైన పనిని వెదకక, కొంచెము కష్టమైన పనిని నీ ముందర పెట్టుకొనుము. చెరువు తూము ఎత్తినప్పుడు నీరు కాలువలోనికి ఎట్లు దిగునో, "అందముగా" అను మాట వాడక పది పంక్తులలో చెప్పుము. వ్రాసినదానిని చదువురాని అవ్వకు బిగ్గరగా వినిపించుము, ఆమె "ఏమన్నావు, నాయనా?" అని అడిగినచోటనే నీ వాక్యము కుంటినదని తెలిసికొనుము. పింఛను రాని ముసలమ్మకు అర్జీ వ్రాసి పెట్టుము. అర్జీలో అలంకారము పనికిరాదు. ఎవరు, ఎప్పుడు, ఏమి జరిగినది అను సంగతులు వరుసగా ఉండవలెను. ఆమె కష్టము నీ అక్షరములలో సరిగా నిలిచినయెడల, ఏ పత్రికయు నేర్పలేని పాఠము నీవు నేర్చుకొంటివి.

దినమునకు ఒక పుట చాలును. కొన్ని దినములు ఆ పుట చెడ్డదిగానే ఉండును. దాని కొట్టివేసి మరల వ్రాయుము.

నీ వీధిలో తమ మాట తాము వ్రాసికొనలేనివారు ఎందరున్నారో ఒకసారి లెక్కించుము. కూలికి పోవు తల్లి, గొఱ్ఱెలు కాయు పిల్లవాడు, ఊరి చివర ఒంటరిగా నున్న ముసలివాడు — వీరి సంగతి నిజముగా చెప్పువాడు కావలెను. ఆ పనికి నీవు పూనుకొందువా? పూనుకొన్నయెడల, మెప్పు వచ్చినను రాకున్నను, రేపు వ్రాయుటకు నీకు కారణము ఉండును.